కలంకారీ రీల్స్‌ని ఎవరూ చివరిదాకా చూడట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అక్క శ్రీకాళహస్తిలో చీరల మీద కలంతో బొమ్మలు వేస్తుంది, నేను తిరుపతి నుంచి ఇన్‌స్టాలో రీల్స్ పెడతాను. మొదట పేరు, తర్వాత మడత పెట్టిన చీర చూపిస్తా. రెండు సెకన్లకే జనం పైకి తోసేస్తున్నారు. ఆమె కష్టం ఎవరికీ కనబడట్లేదని బాధగా ఉంది.

జవాబు 1: పేరు చివర్లో పెట్టన్నా. మడత చీర ఎవరైనా చూపిస్తారు, మీ దగ్గరున్నది అక్క చెయ్యి! వెదురు కలం గుడ్డకి తగిలి నల్లగీత పడే క్షణంతోనే మొదలుపెట్టు. ఆ నలుపు బెల్లం, తుప్పు ఇనుము కలిపి రోజుల తరబడి నీళ్లలో నానబెడితే వస్తుందని, గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలలో తడుపుతారని ఎంతమందికి తెలుసు? ఒక్కోటీ ఒక రీల్ అవుతుంది.

జవాబు 2: చాలామంది బస్సులో సౌండ్ ఆపేసి చూస్తారు, అందుకే మాటలు తెర మీద రాయండి. మరీ కింద వద్దు, క్యాప్షన్ కప్పేస్తుంది. ఫోన్ నిలువుగా, 9:16లో తీయండి.

జవాబు 3: అక్కనే మాట్లాడనివ్వన్నా, మన యాసలోనే. మా మామిడి తాండ్ర వీడియోకి నేను పుస్తకం భాష చదివితే ఎవరూ ఆగలేదు, అమ్మ గొంతు పెట్టాకే కామెంట్లు వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు: ఆదివారం కాళహస్తి పోతున్నా. కలం ముంచే దగ్గర్నుంచే తీస్తా.