గరుకు టైర్లకు ఎక్కువకాలం నిలిచే డ్రెస్సింగ్ (టైరు నల్లగా కనబడేందుకు పూసే ద్రవం) ఏది, దాన్ని ఎలా పూయాలి?

నా వాహనానికి మట్టిదారుల్లోనూ రాళ్లదారుల్లోనూ నడిచే ఆల్ టెర్రైన్ టైర్లు ఉన్నాయి. వాటి పక్కభాగాల మీద లోతైన గాళ్లు, ఉబ్బెత్తు అక్షరాలు, అంచుల్లో పెద్ద దిమ్మెలు ఉండటం వల్ల, స్పాంజితో పూసిన డ్రెస్సింగ్ పైపైనే అంటుకుంటోంది. సందుల్లోకి చేరిన కాస్తా అక్కడే నిలిచిపోయి, బండి కదలగానే బాడీ మీదికి చిమ్ముతోంది.

రబ్బరు పగలకుండా తయారీలోనే కలిపే యాంటీఓజోనెంట్లు క్రమంగా పైకి తేలి ఆక్సీకరణ చెందడం వల్లనే టైరు గోధుమరంగుకు తిరుగుతుందని తెలుసుకున్నాక, నురుగు తెల్లగా వచ్చేదాకా గట్టి బ్రష్షుతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనిస్తున్నాను. అయినా నీటి ఆధారిత డ్రెస్సింగ్ రెండు వానలకే పోతోంది. సాల్వెంట్ ఆధారితమైనవి ఎక్కువకాలం నిలుస్తాయి గానీ, వాటి జిడ్డుకు దుమ్ము పట్టడం నాకు బొత్తిగా నచ్చదు. నాకు నిగనిగలాడే మెరుపు అక్కర్లేదు, కొత్త టైరుకుండే నిండు నలుపు చాలు.

ఆరి గట్టిపడే పాలిమర్ లేదా సిరామిక్ కోటింగులను ఇలాంటి టైర్ల మీద వాడినవారు, బురదలోనూ రాళ్ల రాపిడిలోనూ అవి ఎంతకాలం నిలిచాయో, ఒక పూతకూ మరో పూతకూ మధ్య ఎంతసేపు ఆగారో దయచేసి చెప్పగలరా? సందుల్లోకి పట్టించడానికి చిన్న పెయింట్ బ్రష్షు మేలా, స్ప్రే మేలా? ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మీద పడితే పట్టు తగ్గుతుంది కనుక స్ప్రే విషయంలో నాకు భయంగానే ఉంది. పాత డ్రెస్సింగ్‌లోని సిలికాన్ పూర్తిగా పోయిందని మీరు ఎలా నిర్ధారించుకుంటారో కూడా తెలియజేయండి.