సౌత్ స్టేషన్ టవర్‌కి మార్కులు ఎక్కడ నిలబడి వేయాలి?

వర్సెస్టర్_లైన్:
మొన్న ఒక బర్త్‌డే పార్టీలో భోజనాల దగ్గర ఈ టవర్ మీద పెద్ద రభసే అయింది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. బోస్టన్ సౌత్ స్టేషన్‌లో సరిగ్గా పట్టాల నెత్తిన 51 అంతస్తుల టవర్ కట్టారు. ఎత్తు 678 అడుగులు. 2020లో పని మొదలై 2025లో పూర్తయింది. కట్టించింది హైన్స్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ, డిజైన్ కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్స్ గీసిన ఆర్కిటెక్టు సీజర్ పెల్లి ఆఫీసుది. కింద అంతస్తుల్లో ఆఫీసులు, పైన 166 రిట్జ్-కార్ల్టన్ ఫ్లాట్లు.

పార్టీలో సగం మంది "ఏముంది, ఇంకో అద్దాల డబ్బా" అన్నారు. మిగతావాళ్లు "రాత్రిపూట సీపోర్ట్ వైపు నుంచి చూడండి, అప్పుడు తెలుస్తుంది" అన్నారు. నాకు ఇద్దరి మాటా నచ్చలేదు, ఎందుకంటే ఇద్దరూ దాన్ని దూరం నుంచే చూస్తున్నారు. రైల్వే స్టేషన్ మీద కట్టిన బిల్డింగుకి మార్కులు వేయాల్సింది కింద ప్లాట్‌ఫారం మీద నిలబడి అని నా వాదన.

నేను వెస్ట్‌బరో నుంచి పదేళ్లుగా ఈ స్టేషన్‌కి వస్తున్నాను. సాయంత్రం ఐదు దాటాక హాల్లో బోర్డు కింద వందల మంది మెడలు పైకెత్తి నిలబడి ఉంటారు, ట్రాక్ నంబర్ పడిందో లేదో అందరూ ఒక్కసారిగా కదులుతారు, ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో ఫోను, భుజాన లాప్‌టాప్ బ్యాగు. ఇదివరకు హాలు తలుపు దాటితే నెత్తిన ఆకాశమే. జనవరిలో ఆ తలుపు తోయగానే పక్కనున్న కాలవ మీద నుంచి వచ్చే గాలి ముఖం కోసేసేది, అందరూ తల దించుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు అదే తలుపు దాటితే పైన లేత రంగులో పెద్ద పెద్ద కమానులు. మొదటిసారి వాటి కింద నడిచినరోజు నా ముందు ఒక ముసలాయన ఆగిపోయి పైకి చూస్తూ నిలబడ్డాడు, వెనకాల జనం ఆయన్ని తప్పుకుని పోతున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు. చలి పోలేదు, పక్కలు తెరిచే ఉన్నాయి కదా. కానీ ఆ చోటికి ఒక మర్యాద వచ్చింది.

ఇంకో సంగతి. 1899లో ఈ స్టేషన్ తెరిచినప్పుడు పట్టాల మీద బ్రహ్మాండమైన కమాను కప్పు ఉండేది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టిపోతోందని 1930లో పీకేశారు. అంటే తొంభై ఏళ్లకు పైగా లేని నీడ మళ్లీ వచ్చిందన్నమాట. పైన అద్దాల డబ్బా ఉంటే ఉండనీ, నేను నూటికి డెబ్బై ఐదు వేస్తాను.

గాజుబొమ్మ:
అన్నా, మీరు వరండా చూసి ఇంటికి మార్కులు వేస్తున్నారు. ఆ కమానుల కింద మీరు ఉండేది ఎంతసేపు, మూడు నిమిషాలు? నాలుగు? ట్రాక్ నంబర్ పడింది, పరిగెత్తారు, ఎక్కారు, నిద్రపోయారు. ఆ టవర్ని మాత్రం ఊరంతా రోజంతా చూడాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేవాడు చూడాలి, హార్బర్‌లో పడవ ఎక్కినవాడు చూడాలి, స్టేషన్ ముఖమే ఎరగనివాడూ చూడాలి. వాళ్ల ఓటు ఎటు పోయింది?

నిజాయితీగా చెప్పండి, కళ్లు మూసుకుంటే ఆ టవర్ ఆకారం గుర్తొస్తుందా? ఎదురుగా ఉన్న ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు బిల్డింగు చూడండి, 1977 నాటిది. బట్టలుతికే చెక్కలా ఉందని ఊరు ఊరంతా ఎగతాళి చేస్తుంది, అయినా ఒక్కసారి చూసినవాడు జన్మలో మర్చిపోడు. హాంకాక్ టవర్ సంగతి సరేసరి. అద్దాలు ఊడిపడుతుంటే చెక్కలు కొట్టి పెట్టారు, నవ్వులపాలైంది, ఇవాళ ఊరంతటికీ గర్వం. ఇది? మూలలు మెత్తగా చేశారు, ఎవరికీ గుచ్చుకోకుండా. గుచ్చుకోనిది గుర్తుండదు కూడా.

వర్సెస్టర్_లైన్:
ఎత్తు విషయంలో మాత్రం పాపం వాళ్లని అనకండి. పక్కనే లోగన్ ఎయిర్‌పోర్ట్, డౌన్‌టౌన్‌లో ఎంత ఎత్తు కట్టాలో విమానాలు చెప్తాయి.

గాజుబొమ్మ:
తెలుసు. ఊళ్లోనే ఉన్న మిలీనియం టవర్ 685 అడుగులు, విన్‌త్రాప్ సెంటర్ 691, ఇది 678. లాన్ మోవర్ పెట్టి కోసినట్టు అన్నీ ఒకే మట్టం. సరిగ్గా అందుకే అంటున్నాను, ఎత్తుతో గెలవలేనప్పుడు ఆకారంతో గెలవాలి కదా. పెల్లి పెద్దాయన తలుచుకుంటే చేయగలడని కౌలాలంపూర్‌లో చూశాం.

మిర్చిబజ్జి_2:
పెద్దాయన 2019లోనే పోయారు బ్రో, పని మొదలైంది ఆ తర్వాత ఏడాది. ఇన్నాళ్లూ ఆయన పేరు 'పెళ్ళి' అనుకుని మా ఆవిడకి చెప్తే నవ్వి చచ్చింది. సారీ, చర్చ కొనసాగించండి.

పాతఇటుక:
మీ ఇద్దరూ పట్టాల వైపు నుంచీ సముద్రం వైపు నుంచీ చూస్తున్నారు. స్టేషన్‌కి ముఖం అంటూ ఒకటి ఉంది, దాని సంగతి ఎవరూ ఎత్తరేం?

స్టేషన్ ముందున్న డ్యూయీ స్క్వేర్‌లో నిలబడి చూడండి. 1899 నాటి ఆ రాతి బిల్డింగు రోడ్డు మలుపుతో పాటే వంపు తిరిగి ఉంటుంది, స్తంభాలు, నడినెత్తిన గడియారం, గడియారం మీద రెక్కలు విప్పిన రాతి గద్ద. ఆ గద్ద వెనక మొన్నమొన్నటి దాకా ఆకాశం ఉండేది. అది కట్టినవాళ్లు గద్దని అక్కడ పెట్టిందే ఆకాశం మీద దాని అంచు కనబడాలని. ఇప్పుడు వెనకంతా అద్దం. మబ్బు రోజున బూడిదరంగు రాయి బూడిదరంగు అద్దంలో కలిసిపోతోంది. ఒక్క రాయి కూడా కదపలేదు, నిజమే, పాత బిల్డింగు చెక్కుచెదరలేదు. కానీ దాని నీలం ఆకాశం లాక్కున్నారు.

ఇదేం కొత్త గొడవ కాదండి. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ నెత్తిన మార్సెల్ బ్రాయర్ గీసిన 55 అంతస్తుల టవర్ కడతామంటే అక్కడి వారసత్వ కట్టడాల కమిషన్ కుదరదంది. రైల్వే కంపెనీ కోర్టుకెక్కింది, 1978లో సుప్రీంకోర్టు కమిషన్ మాటే నిలబెట్టింది. ఇవాళ గ్రాండ్ సెంట్రల్‌కి వెళ్లి నోరు తెరుచుకుని పైకప్పు చూసే ప్రతి ఒక్కరూ ఆ తీర్పుకి బాకీ. దాని వెనకే 1963లో లేచిన పాన్ యామ్ బిల్డింగ్ ఎలాగూ ఉంది, పార్క్ అవెన్యూకి అడ్డంగా నిలబెట్టిన బీరువాలా. దాన్ని క్షమించినవాళ్లు ఈనాటికీ తక్కువే.

మన సికింద్రాబాద్‌లో ఈ బాధ కూడా లేకుండా 2025లో స్టేషన్ పాత ముందుభాగం కూల్చేశారు, కొత్త స్టేషన్ కోసం. మా నాన్నగారి చేయి పట్టుకుని దిగిన చోటు అది. కొత్తది బాగుండొచ్చు, వద్దనను. కానీ డిజైన్‌కి మార్కులు వేసేటప్పుడు ఏం వచ్చిందన్నదే కాదు, ఏం పోయిందన్నదీ లెక్కలోకి రావాలి. నా మార్కులు నలభై.

కాచిగూడ_కుర్రాడు:
ఆర్టు గ్యాలరీలో తిరుగుతున్నట్టు ఉంది మీ అందరి మాటలు. నేనొక ముతక ప్రశ్న వేస్తాను. టవర్ రాకముందు సౌత్ స్టేషన్‌లో ఎన్ని పట్టాలు? 13. ఇప్పుడు? 13. పక్కనున్న పోస్టాఫీసు వాళ్ల పెద్ద బిల్డింగు తప్పిస్తే ఇంకో ఏడు పట్టాలు వేయొచ్చని ఎన్నేళ్లుగానో ప్లాన్ ఉంది, అది ప్లాన్‌గానే ఉంది. 51 అంతస్తులు మాత్రం లేచాయి. బస్ టెర్మినల్ పెంచారు, ఒప్పుకుంటాను, న్యూయార్క్ బస్సెక్కే మన స్టూడెంట్లకి అది మంచిదే. రైలుకి ఒరిగింది ఏంటి, కమాను తప్ప?

హాంకాంగ్‌లో చూడండి. స్టేషన్ల మీద టవర్లు కట్టించేది రైలు నడిపే ఎమ్‌టీఆర్ సంస్థే, ఆ రియల్ ఎస్టేట్ లాభం మళ్లీ పట్టాలకే వెళ్తుంది. ఐఎఫ్‌సీ టవర్ కూడా హాంకాంగ్ స్టేషన్ మీదిదే, అదీ పెల్లిదే. జపాన్‌లో నగోయా స్టేషన్ మీది జంట టవర్లూ రైల్వే వాళ్లవే. అలాంటి చోట పైన డబ్బా ఎంత వికారంగా ఉన్నా క్షమిస్తాను, రైలు టైముకి వస్తుంది కాబట్టి. ఇక్కడ పైనుండేవాడికి ఫ్లాటు, కిందుండేవాడికి కప్పు.

వర్సెస్టర్_లైన్:
కుర్రాడు గారూ, మీరు అడుగుతున్నది డిజైన్ గురించి కాదు, బేరం గురించి. బేరం చెత్తగా కుదిరిందంటే నేనూ చేయి ఎత్తుతాను. కానీ ఏడు పట్టాలు వేయలేదని ఆర్కిటెక్టు మార్కులు కోస్తే ఎలా? వంట బాగోలేదంటే వంటవాణ్ని అనాలి, భోజనాలకి తక్కువ మందిని పిలిచారని కూడా అతన్నే తిడితే?

గద్ద విషయంలో మాత్రం పాతఇటుక గారికి నా దగ్గర జవాబు లేదు. పదేళ్లుగా ఆ స్టేషన్‌కి వస్తూ కూడా నేను బయట నిలబడి తలెత్తి చూసింది తక్కువే. డెబ్బై ఐదు కాస్తా అరవై ఐదు చేసుకోండి.

స్ట్రక్చర్స్_బాబాయి:
ఇంత చర్చలో ఒక్కరు కూడా కాలమ్స్ గురించి, అంటే బరువు మోసే స్తంభాల గురించి మాట్లాడకపోతే ఎలా నాయనా?

మామూలు స్థలంలో అయితే ఆర్కిటెక్టు బొమ్మ గీస్తాడు, మేం కాలమ్ ఎక్కడ దించాలో చూస్తాం. ఇక్కడ తిరగేసి ఉంటుంది వ్యవహారం. పట్టాలు కదలవు, ప్లాట్‌ఫారాలు కదలవు, వాటి మధ్య మిగిలిన సందుల్లోనే 51 అంతస్తుల బరువు నేలకి దిగాలి. అది కూడా పొద్దున్నా సాయంత్రం రైళ్లు నడుస్తుండగా, మనుషులు కింద నుంచి పోతుండగా. ముందు కింద పట్టాల మ్యాపు చూసి, అప్పుడు పై అంతస్తులు గీయాలి. గాజుబొమ్మ గారికి ఆకారం చప్పగా అనిపించడంలో దీని వాటా కొంత ఉందనుకుంటాను. ఇలాంటి చోట మెలికలు తిరిగిన బిల్డింగు కడతానంటే నేనైతే ముందు దండం పెడతాను.

నాకు నచ్చనిది వేరే ఉంది. చుట్టుపక్కల ఊళ్లకి పోయే కమ్యూటర్ రైళ్లన్నీ ఇంకా డీజిల్. దూరప్రయాణాల ఆమ్‌ట్రాక్ బండ్లు చాలావరకు కరెంటు మీద నడుస్తాయి కానీ వెస్ట్‌బరో పోయే బండి ఇంజను పొగ కక్కుతూనే నిలబడి ఉంటుంది. ఆకాశం ఉన్నప్పుడు ఆ పొగ దానంతట అదే పోయేది. కప్పు వేశాక దాన్ని బయటికి తోలడం మన పని, రోజూ, బిల్డింగు బతికినంత కాలం. మెషిన్ ఆగిన రోజు కమాను అందం ఎవరూ చూడరు, కర్చీఫు వెతుక్కుంటారు. ముందు బండ్లని కరెంటుకి మార్చి ఆ తర్వాత కప్పు వేసి ఉంటే నేను తొంభై వేసేవాణ్ని.

ఇదే పెల్లి ఆఫీసు శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ టవర్, దాని పక్కనే ట్రాన్సిట్ సెంటర్, అంటే బస్సులకీ రైళ్లకీ కలిపి ఒక స్టేషన్ కూడా గీసింది. నెత్తిన పార్కు, చెట్లు, అద్భుతం. 2018 ఆగస్టులో తెరిచారు, సెప్టెంబర్‌లో ఉక్కు దూలాల్లో పగుళ్లు కనబడి మూసేశారు, మళ్లీ 2019లో తెరిచారు. కింద రైళ్ల కోసమని కట్టిన చోటికి ఇంతవరకూ ఒక్క రైలు రాలేదు, బస్సులే. దానికి ప్లాట్‌ఫారం మీద నిలబడి మార్కులు వేయి చూద్దాం, వర్సెస్టర్ బాబూ. సౌత్ స్టేషన్‌లో కనీసం రైళ్లున్నాయి.

గాజుబొమ్మ:
బాబాయి గారూ, కాలమ్స్ పాఠం బాగుంది కానీ అది సాకు కూడా కావచ్చు. కష్టమైన స్థలమని తెలిసే కదా తీసుకున్నారు. పరీక్ష కష్టంగా వచ్చిందని మార్కులు కలపరు.

కాచిగూడ_కుర్రాడు:
మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కలుపుతారు.

పాతఇటుక:
నవ్వొచ్చింది. సరే, ఒక మాట. పొగ గురించి బాబాయి గారు చెప్పింది విన్నాక నాకు 1930 గుర్తొచ్చింది. అప్పుడు ఉప్పుగాలి కప్పుని తినేసింది. ఇప్పుడు ఆ కప్పు నెత్తిన 166 ఇళ్లున్నాయి, తుప్పు పట్టిందని పీకేయడానికి కుదరదు. రిపేర్లు వాయిదా వేయడం అలవాటైన ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు.

వర్సెస్టర్_లైన్:
అది నేను ఆలోచించలేదు.

ఇలా టైపు చేసుకోవడం కంటే ఒకరోజు అందరం అక్కడే కలుద్దాం. శుక్రవారం సాయంత్రం ఐదున్నర, బోర్డు కింద. కమానుల కింద పది నిమిషాలు నడిచి, అప్పుడు ఎవరి మార్కులు వాళ్లు వేయండి. కాఫీ నాది.

పాతఇటుక:
వస్తాను. కానీ బోర్డు కింద కాదు, బయట గడియారం కింద. ముందు గద్దని చూశాకే లోపలికి.

మిర్చిబజ్జి_2:
ఐదున్నరకి గడియారం కింద నిలబడితే ఆరింటి బండి పోతుంది అంకుల్.