60 వేల బడ్జెట్: పీఎస్5 కొనాలా, పీసీ అసెంబుల్ చేయించాలా?

అనకాపల్లి_షిఫ్ట్:

అందరికీ నమస్కారం. నాది అనకాపల్లి. పరవాడలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. రెండేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతూ 60 వేలు కూడబెట్టాను. పీఎస్5 (ప్లేస్టేషన్ 5, టీవీకి కలిపి ఆడే గేమింగ్ కన్సోల్) కొనాలని మొదటి నుంచీ కోరిక. షాపులో డిస్క్ డ్రైవ్ ఉన్న స్లిమ్ మోడల్ 54,990 చెప్పారు.

ఇంతలో మా తమ్ముడికి బీటెక్ సీఎస్ఈలో సీటు వచ్చింది. ఇంటి నుంచే కాలేజీ బస్సులో వెళ్లొస్తాడు. "అన్నయ్యా, ఆ డబ్బుతో పీసీ చేయిస్తే నా చదువుకీ పనికొస్తుంది, నీ గేమ్స్‌కీ పనికొస్తుంది" అంటున్నాడు. వాడన్నదీ న్యాయమే. వాడు ఫ్రెండ్స్‌తో నెట్ సెంటర్‌లో వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడతాడు. నాకు గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్, ఘోస్ట్ ఆఫ్ సుషిమా లాంటి కథ ఉన్న గేమ్సు కావాలి. అప్పుడప్పుడు క్రికెట్. డ్యూటీ నుంచి వచ్చాక దొరికేది గంట, మహా అయితే గంటన్నర.

ఇంట్లో టీవీ ఒక్కటే, హాల్లో ఉంది, 43 అంగుళాలది. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అమ్మ సీరియల్స్ చూస్తుంది, అది కదిలించలేను. వేసవిలో కరెంటు రోజుకు రెండు మూడు సార్లు పోతుంది. వారం నుంచి ఇదే టెన్షన్. రెండూ వాడినవాళ్లు చెప్పండి.

సీటీసీ_బిల్డర్:

పీసీయే చేయించండి బ్రదర్. గేమ్స్, చదువు, ఎడిటింగ్ అన్నీ అందులోనే. పీఎస్5లో చాలా గేమ్స్‌కి కట్టాల్సినట్టు, ఆన్‌లైన్ ఆడటానికి ఏడాదికోసారి చందా కట్టక్కర్లేదు. స్టీమ్‌లో (పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు) కొన్న గేమ్ నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. సేల్ వచ్చినప్పుడు పాత పెద్ద గేమ్స్ సగానికి, అంతకంటే తక్కువకీ దొరుకుతాయి.

కాకపోతే 60 వేలు కష్టం. నేను 2024లో సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్‌తో చేయించుకుంటే క్యాబినెట్ వరకే 64 వేలు అయింది. మానిటర్, కీబోర్డు, మౌస్ కలిపితే ఇంకో పన్నెండు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు అదే బిల్డ్‌కి ఇంకా ఎక్కువ అవుతుంది.

తగ్గుతుంది కదా అని సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు మాత్రం చూడకుండా కొనకండి. మొదటిసారి నేను ఒకాయన దగ్గర పదకొండు వేలకు కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పితే ఫ్యాన్ బ్లేడు వేలితో కదిపితే ఊగుతోంది, చిప్‌ల వేడి లాగే థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డంతా జిడ్డు. గేమ్ పెట్టిన పది నిమిషాలకు స్క్రీన్ నల్లగా అయిపోయేది. రెండు నెలల జీతంలో దాచుకున్న డబ్బు అది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కాకినాడ_పార్లర్:

తమ్ముడూ, నేను కాకినాడలో ఆరేళ్లు గేమింగ్ పార్లర్ నడిపాను. నాలుగు పీఎస్4లు, ఆరు పీసీలు ఉండేవి. 2020 లాక్‌డౌన్‌లో మూసేశాను. రెండింటినీ రోజుకు పన్నెండు గంటలు చేత్తో తిప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మాది సముద్రపు గాలి. పీసీల్లో నెలకు ఒకటైనా మొరాయించేది, ఆన్ చేస్తే మూడు బీప్‌లు కొట్టి ఆగిపోయేది. క్యాబినెట్ తెరిచి, ర్యామ్ స్టిక్ తీసి, బంగారు రంగు కాళ్లని పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, క్లిక్‌మని రెండు పక్కలా శబ్దం వచ్చేదాకా నొక్కితే లేచి కూర్చునేది. ఏడాదికోసారి థర్మల్ పేస్టు, వారానికోసారి బ్లోయర్, ఎప్పుడూ ఏదో ఒక డ్రైవర్ అప్‌డేట్. నాకు ఆ పని ఇష్టం, అందుకే చేశాను. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి ఉన్న గంటలో ఇరవై నిమిషాలు దీనికి పోతే ప్రాణం ఉసూరుమంటుంది. పీసీ కొనేవాడు ఆ ఓపిక కూడా ఉందో లేదో చూసుకోవాలి, ఈ మాట ఏ షాపువాడూ చెప్పడు.

పీఎస్4లకు వచ్చిన రోగం ఒక్కటే, కంట్రోలర్. నాలుగైదు నెలలకు అనలాగ్ స్టిక్ ముట్టుకోకుండానే బొమ్మ పక్కకి నడిచిపోయేది. సోల్డరింగ్ వచ్చు కాబట్టి నేనే మార్చుకునేవాణ్ణి. ఇంట్లో గంటన్నర ఆడితే అంత త్వరగా పోదు, కంగారు పడకు. మిగతా అంతా, రెస్ట్ మోడ్‌లో పెట్టి వెళ్లి మర్నాడు బటన్ నొక్కితే ఆపిన చోటే గేమ్ నిలబడి ఉంటుంది. షిఫ్టు మనిషికి అంతకు మించిన సుఖం లేదు.

ఇక గేమ్సు. నువ్వు రాసిన పేర్లు చూడు. గాడ్ ఆఫ్ వార్ 2018లో పీఎస్4కి వస్తే పీసీకి 2022 జనవరిలో వచ్చింది. ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2020ది, పీసీకి 2024 మేలో. స్పైడర్‌మ్యాన్ 2 మాత్రం 2023 అక్టోబరు నుంచి 2025 జనవరికే వచ్చేసింది. జీటీఏ 5 కూడా కన్సోల్‌కి 2013లో, పీసీకి 2015లో. జీటీఏ 6 కూడా పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే ప్రకటించారు. ఆగగలిగితే పీసీలో చాలావరకు దొరుకుతాయి, ఆగలేకపోతే కన్సోలే.

మీ తమ్ముడి సంగతి వేరు. వాలరెంట్ పీఎస్5 మీదా ఉంది కానీ కన్సోల్ వాళ్లు కన్సోల్ వాళ్లతోనే ఆడాలి, పీసీలో ఉన్న ఫ్రెండ్స్‌తో కలవదు. కౌంటర్ స్ట్రైక్ 2 అసలు కన్సోల్‌కి లేదు. వాడి గేమ్ కోసం పీఎస్5 కొంటే వాడు ఒక్క రోజు కూడా ముట్టుకోడు.

డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకో. కొత్త గేమ్ 4,999కి డిస్క్ కొని, కథ అయిపోయాక అమ్మితే సగం వెనక్కొస్తుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి మార్చుకుంటే ఖర్చు ఇంకా తక్కువ. డౌన్‌లోడ్ కొన్నది ఎవరికీ అమ్మలేవు, స్టీమ్‌ది కూడా అంతే.

కరెంటు గురించి: పీఎస్5 పెద్ద గేమ్ ఆడుతున్నప్పుడు దాదాపు 200 వాట్లు లాగుతుంది. నీ టీవీకి ఇంకో వంద వేసుకో. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల వరకే కాబట్టి కొద్ది నిమిషాలు నిలబెడుతుంది. గేమ్ సేవ్ చేసి ఆపుకోవడానికి అది చాలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ లైనుకి మాత్రం కలపొద్దు.

వరంగల్_సీఎస్ఈ:

నేను సీఎస్ఈ పూర్తిచేసి మూడేళ్లయింది. గేమ్స్ గురించి అన్నయ్యలు చెప్పారు, చదువు గురించి నేను చెబుతాను. మొదటి రెండేళ్లు సీ, పైథాన్, జావా, డీబీఎంఎస్. వీటికి గ్రాఫిక్స్ కార్డు అవసరమే రాదు. కావలసింది బ్యాగులో పెట్టుకుని వెళ్లగలిగే ల్యాప్‌టాప్. మా క్లాసులో ఒకబ్బాయికి ఇంట్లో మంచి పీసీ ఉండేది, హ్యాకథాన్‌కి పక్కవాడి ల్యాప్‌టాప్ కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడు. వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

నేను వాడింది ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేది. ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతది అడగండి, అంతకు ముందువాటిలో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 8 జీబీ ర్యామ్ ఉండి, ఇంకో స్టిక్‌కి స్లాట్ ఖాళీగా ఉంటే మేలు. కొనేముందు ఛార్జర్ తీసేసి అరగంట వాడి చూడండి, కీబోర్డులో ప్రతి అక్షరం నొక్కి చూడండి.

అనకాపల్లి_షిఫ్ట్:

అందరికీ చాలా థాంక్స్. వరంగల్ అమ్మాయి గారు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "క్లాసులు మొదలయ్యాయి అన్నయ్యా, ల్యాప్‌టాప్ ఉంటే చాలు" అన్నాడు. వాడికి పీసీ కావాలని ఉన్నది వాలరెంట్ కోసమేనని నాకూ తెలుసు, అయినా వాడు అడగలేదు.

కాబట్టి ముందు ల్యాప్‌టాప్. వైజాగ్‌లో 8వ జనరేషన్ ఐ5 ఒకటి 21 వేలకు చూశాం, ఆదివారం వెళ్లి కీబోర్డంతా నొక్కి చూసి తెచ్చుకుంటాం. మిగిలే 39 వేలకు నాలుగు నెలలు కలుపుకుంటే దసరాకి పీఎస్5 వస్తుంది. అంతవరకు ఆగగలను. కాకినాడ అన్నా, పండగ సేల్‌లో తగ్గుతుందా? ఇంకోటి, మా టీవీ స్టాండ్ కింది అర లోతు 12 అంగుళాలే. అందులో పడుకోబెడితే పడుతుందా?

కాకినాడ_పార్లర్:

పండగ సేల్స్‌లో ఐదు వేల దాకా తగ్గించిన సందర్భాలు ఉన్నాయి, కనిపెట్టుకుని ఉండు. స్లిమ్ మోడల్ వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు, లోతు 22 లోపే. నీ అర లోతు 30 సెంటీమీటర్లు కాబట్టి హాయిగా పడుతుంది. అరకి వెనక చెక్క ఉంటే తీసేయించు, వేడి గాలి బయటికి పోయేది ఆ వైపు నుంచే. అమ్మగారి సీరియల్ అయిపోయేదాకా మాత్రం ఆన్ చేయకు.