పక్క మీద ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతోంది: ఇది చెవి పనేనా?

ప్రశ్న:
పది రోజులుగా తెల్లవారుజామున పక్క మీద కుడివైపు ఒత్తిగిలిన ప్రతిసారీ, రెండు మూడు సెకన్లు ఆగి, గది మొత్తం గిర్రున తిరుగుతోంది. కదలకుండా అలాగే పడుకుంటే అర నిమిషంలో తగ్గిపోతోంది. వినికిడి బాగానే ఉంది, చెవిలో హోరు గాని నొప్పి గాని లేవు. మొదట నీరసమన్నారు, తరువాత మెడ ఎముకల అరుగుదల అన్నారు, ఇప్పుడు ఒక వైద్యులు లోపలి చెవి అంటున్నారు. చక్కగా వినిపిస్తున్న చెవి వల్ల కళ్లు ఎలా తిరుగుతాయో తెలిసినవారు వివరించగలరు.

జవాబు:
స్పృహ తప్పబోవడాన్నీ, చుట్టూ ఉన్నవి తిరుగుతున్నట్లు అనిపించడాన్నీ మనం ‘కళ్లు తిరగడం’ అనే ఒకే మాటతో చెబుతాము. మిమ్మల్ని నీరసమని పంపించడానికి బహుశా ఆ మాటే కారణం. ఇక్కడ రాసినట్లే, ఏ వైపు తిరిగితే వస్తుందో, ఎంతసేపు ఉంటుందో వైద్యుల దగ్గర కూడా చెప్పండి.

కణత ఎముక లోపల నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగం వినికిడిది. దాని పక్కనే మూడు అర్ధవృత్తాకార నాళాలు, యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు చిన్న సంచులు ఉంటాయి. ఇవి సమతుల్యతకు సంబంధించినవి. ఇరుగుపొరుగువే అయినా పనులు వేరు గనుక, ఒకటి చెడినా మరొకటి బాగుండవచ్చు.

మూడు నాళాలూ ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉండడం వల్ల తల ఏ దిశలో తిరిగినా కనీసం ఒకదానికి తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో చూడాలంటే, గ్లాసులో నీళ్లు పోసి, పైన చిన్న కాగితం ముక్క వేసి, గ్లాసును చటుక్కున పావు చుట్టు తిప్పండి. గ్లాసు తిరుగుతుంది గాని కాగితం ముక్క దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తల తిరిగినప్పుడు నాళంలోని ద్రవం కూడా అలాగే వెనకబడి, నాళం మొదట్లోని ఉబ్బులో అడ్డంగా నిలిచిన కుపులా అనే జిగురు తెరను వంచుతుంది. ఆ తెరలోకి చొచ్చుకుని ఉన్న రోమకణాల (కదలికను పసిగట్టే కణాల) కేశాలు ఒకవైపు వంగితే నాడీ సంకేతాలు పెరుగుతాయి, రెండోవైపు వంగితే తగ్గుతాయి. కుడి చెవిలో పెరిగినప్పుడు ఎడమ చెవిలోని జత నాళంలో తగ్గుతుంది; ఈ తేడాను బట్టే తల ఎటు తిరిగిందో మెదడు గ్రహిస్తుంది.

సంచుల పని వేరు. వాటిలోని జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకుని ఉంటాయి. అవి ద్రవం కన్నా బరువైనవి కాబట్టి తల వంచినా, వాహనం ఒక్కసారిగా ముందుకు కదిలినా జరుగుతాయి.

మీ ఇబ్బంది ఈ స్ఫటికాల వల్లనే కావచ్చు. యుట్రికిల్ నుంచి ఊడిన స్ఫటికాలు నాళంలోకి, చాలామందిలో వెనుక నాళంలోకి, చేరుతాయి. కుపులాకూ ద్రవానికీ సాంద్రత ఒకటే కాబట్టి గురుత్వాకర్షణతో ఆ నాళానికి మామూలుగా పని లేదు. స్ఫటికాలు చేరాక మాత్రం, మీరు ఒత్తిగిలినప్పుడు అవి కిందికి జారుతూ ద్రవాన్ని ఈడ్చుకుపోతాయి. జారడం మొదలయ్యేదాకా ఆ రెండు మూడు సెకన్ల వ్యవధి, అడుగుకు చేరాక ఆగిపోవడం, రెండూ దీనితో సరిపోతాయి.

ప్రశ్న:
మరి గది తిరుగుతున్నట్లు కంటికి ఎందుకు కనిపిస్తుంది?

జవాబు:
ఫోనును చేతి దూరంలో పట్టుకుని, తలను త్వరత్వరగా అటూ ఇటూ ఊపుతూ అక్షరాలు చదవండి, చదవగలుగుతారు. ఇప్పుడు తలను నిలిపి, ఫోనును అదే వేగంతో ఊపండి, అక్షరాలు అలుక్కుపోతాయి. మొదటిసారి తల కదలికను లోపలి చెవి కంటి కండరాలకు చేరవేయడంతో కళ్లు వ్యతిరేక దిశలో తిరిగాయి. దీనికి సెకనులో నూరో వంతు చాలు. స్ఫటికాలు తప్పుడు కబురు పంపితే, తల కదలకపోయినా కళ్లు పక్కకు జరిగి, చటుక్కున వెనక్కి వస్తూ ఉంటాయి. అందుకే గది తిరిగినట్లు కనిపిస్తుంది.

వైద్యులు చూసేది ఆ కంటి కదలికనే. తలను ఒక వైపు తిప్పి, వెనక్కి పడుకోబెట్టి చేసే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష 1952 నుంచి వాడుకలో ఉంది. వెనుక నాళమేనని తేలితే, తలను వరుసగా తిప్పుతూ స్ఫటికాలను తిరిగి యుట్రికిల్‌లోకి జార్చే ఎప్లే పద్ధతి చేస్తారు. దీన్ని రూపొందించిన వైద్యుడు ఎప్లే ఈ వివరాలను 1992లో ప్రచురించారు. మాత్రలు కళ్లు తిరగడాన్ని కాస్త మందగింపజేయగలవే తప్ప స్ఫటికాలను కదిలించలేవు. ఏ చెవో, ఏ నాళమో తేలకుండా వీడియో చూసి సొంతంగా ప్రయత్నించకండి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలు చేయి పట్టు తప్పినా, నిలబడలేకపోయినా ఇది స్ఫటికాల సంగతి కాకపోవచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
పరీక్షలో కుడి వెనుక నాళమనే తేలింది. ఎప్లే ఒకసారి చేశారు. గది తిరగడం ఆగింది గాని, నడుస్తుంటే కొంచెం తూలినట్లుగా ఉంది.

జవాబు:
చికిత్స తరువాత కొన్ని రోజులు అలా ఉండడం మామూలే. భయపడి తలను బిర్రబిగించుకోకుండా మామూలుగా కదులుతూ ఉండండి. మళ్లీ గది తిరిగితే అదే పద్ధతిని ఇంకోసారి చేయించుకోవచ్చు.