ఎర్రగడ్డ వేరు స్క్వాష్‌లో మైటోసిస్ (కణ విభజన) దశలు కనిపించడం లేదు

ప్రశ్న (చిత్తూరు, బీఎస్సీ రెండో ఏడు):
ఇక్కడికి దగ్గర్లోని చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీ బయాలజీ చదువుతున్నా. ఎక్స్‌టర్నల్‌లో ఎర్రగడ్డ (ఉల్లి) వేరు స్క్వాష్ (వేరుమొనకు రంగు పట్టించి స్లైడ్ మీద పలచగా నొక్కి చూడడం) వస్తుందంటున్నారు. మా స్లైడ్లలో కణాలు కుప్పలుగా ఉంటున్నాయి, క్రోమోజోములు లేవు. మధ్యాహ్నం ల్యాబ్‌లో వేరు కోసి నేరుగా ఎసిటోకార్మిన్ రంగులో వేస్తాం. వాటర్ బాత్ పనిచేయదు. ఎక్కడ పోతోంది?

వేరుమొన:
ల్యాబ్ టైముకు వేరు కోయడం మానేయండి. పొద్దున 8–10 మధ్య, 2–3 సెంటీమీటర్ల వేర్లు కోసి వెంటనే ఫిక్సేటివ్‌లో (కణాలను ఉన్నవున్నట్టు నిలిపే ద్రవం) వేయాలి: 3 పాళ్లు ఆల్కహాల్, 1 పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం. అప్పటికప్పుడు కలిపిందే వాడండి, నిలవుంటే ఆ రెండూ చర్య జరిపి ఎస్టర్ అవుతాయి. 24 గంటల తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే పరీక్ష దాకా ఉంటాయి. చిన్న బ్యాచే కదా, ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే ఒక సీసాకి చోటిస్తారు.

కణాలు కుప్పగా ఉన్నాయంటే ఆమ్లం చాల్లేదు. కణాలను అతికించే పెక్టిన్ పొర కరగాలి. 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర సుమారు 8 నిమిషాలు. మరీ ఎక్కువైతే వేరు ముద్దవుతుంది, రంగూ పట్టదు.

కార్మిన్ అక్క:
వేళ సంగతి నిజమే గానీ, వేరు బలంగా పెరుగుతుండడం అంతకన్నా ముఖ్యం. తిరుపతి, చిత్తూరు ఎండలకి గ్లాసులో నీళ్లు వేడెక్కి వేర్లు గోధుమరంగు తిరుగుతాయి, అలాంటివి పారేయండి. ముందు గడ్డ అడుగున ఎండిన పాత వేర్లు గీకేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా పెట్టి, నీడలో ఉంచి, రోజూ నీళ్లు మార్చాలి. గోదాముల్లో మొలకెత్తకుండా శుద్ధిచేసిన గడ్డలు కొన్ని అసలు వేర్లే వేయవు. నాలుగైదు గడ్డలు పెట్టుకో తమ్ముడూ.

వాటర్ బాత్ లేకపోయినా దిగులొద్దు. వాచ్ గ్లాసులో 9 చుక్కల ఎసిటోకార్మిన్, 1 చుక్క 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, స్పిరిట్ దీపం మీద పైపైన ఆడించు. ఆవిరి రావాలి, మరగకూడదు. మరిగితే రంగు గడ్డకట్టి నల్లటి నలకలు పడతాయి. తర్వాత ఓ పావుగంట మూతపెట్టి వదిలేయ్.

ప్రశ్న వేసినవారు:
థ్యాంక్స్ అక్కా. ఫిక్స్ చేశాక మొన ఏదో, కోసిన చివర ఏదో తెలీడం లేదు.

వేరుమొన:
రంగు పట్టాక చూడండి. మొనలో కణాలు చిన్నవి, న్యూక్లియస్‌లు పెద్దవి. అందుకే ఆ 1–2 మిల్లీమీటర్లే ముదురుగా ఉంటుంది. అంతవరకే ఉంచి మిగతాది తీసేయండి. చాలామంది పొడుగు ముక్క పెట్టేస్తారు, అక్కడున్నవి సాగిపోయిన కణాలు, విభజన ఉండదు.

కవర్ స్లిప్ వేసి, పెన్సిల్ వెనకవైపుతో మెల్లగా తట్టి, బ్లాటింగ్ పేపరు మడతలో పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పక్కకి జరిగితే కణాలు చుట్టుకుపోతాయి.

కార్మిన్ అక్క:
ఇంకొకటి. మంచి స్లైడ్‌లోనూ ఎక్కువ భాగం ఇంటర్‌ఫేజే (రెండు విభజనల మధ్య దశ) ఉంటుంది. అనాఫేజ్ (క్రోమోజోములు రెండు వైపులకు విడిపోయే దశ) త్వరగా ముగిసిపోతుంది కాబట్టి అరుదు, ఫీల్డు జరుపుతూ వెతకాలి. రికార్డులో పుస్తకం బొమ్మ దించొద్దు, కనిపించిందే వెయ్. మైటోటిక్ ఇండెక్స్ అడిగితే విభజనలో ఉన్న కణాలను మొత్తం కణాలతో భాగించి 100తో గుణించడమే. వైవాలో ఎర్రగడ్డ 2ఎన్ (మామూలు కణంలో ఉండే క్రోమోజోముల సంఖ్య) అడుగుతారు: 16. ఫిక్సేటివ్‌లో రెండు ద్రవాలెందుకని కూడా అడగొచ్చు. ఆల్కహాల్ కణాన్ని కుంచిస్తుంది, ఎసిటిక్ ఆమ్లం ఉబ్బిస్తుంది, ఒకదాన్నొకటి సరిచేస్తాయి.