కాకినాడ అంబాసిడర్: తుప్పుతో బిగుసుకుపోయిన నట్లు, స్టడ్లు విప్పడం ఎలా?

ప్రశ్న: తీరం_మార్క్4

అందరికీ నమస్కారం. మా మేనమామగారి 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 పెట్రోల్ బండి కాకినాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో చాలా ఏళ్లుగా కదలకుండా ఉండిపోయింది. దానిని మళ్లీ రోడ్డు మీదకు తీసుకురావాలని పని మొదలుపెట్టాను. ఉప్పుగాలి వల్ల బాడీ కంటే కింది భాగాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ప్రస్తుతం రెండు చోట్ల పని ఆగిపోయింది. మొదటిది, సిలిండర్ హెడ్‌కు (ఇంజన్ పై మూతకు) ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను, అంటే పొగను బయటికి పంపే గొట్టాల భాగాన్ని, పట్టి ఉంచే నట్లు. వాటిలో రెండింటి మూలలు ఎప్పుడో అరిగిపోయి ఉన్నాయి, మిగిలిన వాటి మీద 13 నంబరు పానా వేస్తే జారుతోంది. రెండోది, వెనక కమాన్ కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు. దగ్గరలోని మేస్త్రి మొత్తం గ్యాస్ కటింగ్‌తో కోసేద్దామంటున్నారు. యూ బోల్టుల సంగతి ఎలా ఉన్నా, హెడ్‌లో ఉన్న స్టడ్లు (తల లేకుండా రెండు చివర్లా మరలుండే కడ్డీలు) తెగకుండా బయటపడాలన్నది నా కోరిక. కిరోసిన్, డీజిల్ కలిపి పోస్తే సరిపోతుందా, లేక వేడి చేయక తప్పదా? ఏ వరుసలో ప్రయత్నించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: బెజవాడ_పానా

ముందు ఆ 13 నంబరు పానాను పక్కన పెట్టండి. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కావడంతో, మీ 1489 సీసీ ఇంజన్‌లో మరలు అంగుళాల కొలతల్లోనే ఉంటాయి. ఐదు బై పదహారు అంగుళాల స్టడ్ మీద ఉండే నట్‌కు అర అంగుళం పానా పట్టాలి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దాని మీద 0.3 మిల్లీమీటరు వదులుగా కూర్చుంటుంది. కొత్త నట్‌కైతే అది గడిచిపోతుంది కానీ, తుప్పు తిని పలచబడిన నట్‌ను మాత్రం ఆ కాస్త వదులే గుండ్రంగా అరగదీస్తుంది. మీ రెండు నట్ల మూలలు పోవడానికి కారణం బహుశా ఇదే. వీలైతే ఆరు పలకల సాకెట్ కొనండి, ఎందుకంటే పన్నెండు పలకలది మూలల మీదే బలం పెడుతుంది.

ఇంకొక హెచ్చరిక. నలభై ఏళ్ల బండి కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు దొరికిన ఎం8 (8 మిల్లీమీటర్ల మెట్రిక్ కొలత) నట్లు, బోల్టులు బిగించి ఉండవచ్చు. ఐదు బై పదహారు సన్న మరకు అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టు చుట్టుకూ సుమారు 1.06 మిల్లీమీటర్ల దూరం. ఎం8కు ఆ దూరం 1.25. అలా బలవంతంగా ఎక్కించినది తుప్పు వల్ల కాక మర మీద మర ఎక్కి బిగుసుకుంటుంది కాబట్టి, దానికి ఎంత నూనె పోసినా ప్రయోజనం ఉండదు. ప్రతి నట్‌నూ విడిగా కొలిచి చూడండి.

ఇక నూనె సంగతి. కిరోసిన్, డీజిల్ మిశ్రమం ఏమీ లేనిదాని కంటే నయమే. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్‌ను అసిటోన్‌తో సమపాళ్లలో కలిపి వాడేవారు చాలామంది ఉన్నారు. అవి రెండూ విడిపోతాయి కనుక ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి, పెయింట్ మీద పడనివ్వకూడదు. అయితే ఏ నూనె అన్నదాని కంటే, అది లోపలికి వెళ్లే దారి ముఖ్యం. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే మరల మధ్య సందు మూసుకుపోతుంది. ముందు తీగ బ్రష్‌తో బయటికి కనిపిస్తున్న మరలను మెరిసేదాకా రుద్ది, నూనె పోసి, నట్ పలకల మీద చిన్న సుత్తితో చుట్టూ తట్టండి. ఆ అదురుకు తుప్పు చిట్లి నూనెకు దారి ఇస్తుంది. మూడు నాలుగు రోజులపాటు ఉదయం, సాయంత్రం ఇలా చేసిన తర్వాతే పానా వేయండి.

పానా వేసినప్పుడు మొదట కొద్దిగా బిగించే వైపు తిప్పి చూడండి. ‘టక్’మని చప్పుడుతో కదిలి, ఆ తర్వాత బరువుగా తిరుగుతుంటే తుప్పు వదిలినట్టే. చప్పుడు లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం అక్కడితో ఆపాలి. అప్పుడు తిరుగుతున్నది నట్ కాదు, లోపల స్టడ్ మెలిపడుతోంది. వదిలిన నట్‌ను కూడా ఒకే ఊపున తీయకుండా, పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి తిప్పి, నూనె వేస్తూ బయటికి రప్పించాలి.

జవాబు: లేత్‌షెడ్_రాజమండ్రి

పైన చెప్పినదంతా సరైనదే. నూనెకు లొంగనివాటికి వేడి తప్పదు. అయితే మేస్త్రిగారు చెప్పే గ్యాస్ కటింగ్ వేరు, ఇది వేరు. నట్‌ను మాత్రమే వేడి చేయాలి, స్టడ్‌ను కాదు. 8 మిల్లీమీటర్ల రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.03 మిల్లీమీటర్లు విప్పారుతుంది. చూడటానికి ఇది ఏమీ కాదనిపించినా, తుప్పు పట్టు విడిపించడానికి సరిపోతుంది. నట్ ఒక పలకను ఆకురాయితో రుద్ది తెల్లగా చేసి పెట్టుకుంటే, అది నీలి రంగుకు తిరిగినప్పుడు దాదాపు 300 డిగ్రీలు వచ్చిందని తెలుస్తుంది. ఎర్రగా కాల్చనవసరం లేదు. ఆ వేడి మీదే కొవ్వొత్తిని మర మొదట్లో ఆనిస్తే, కరిగిన మైనం సందులోకి దానంతటదే పాకుతుంది. కాస్త చల్లారిన తర్వాత పానా వేయాలి. త్వరగా చల్లారాలని నీళ్లు మాత్రం పోయకండి, హెడ్ పోత ఇనుముతో చేసినది కాబట్టి చిట్లే ప్రమాదం ఉంది. ఏటీఎఫ్, అసిటోన్ వాడిన చోట మంట పెట్టే ముందు నూనెను పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. అసిటోన్ ఆవిరి గది వేడిమిలో కూడా నిప్పు తగిలితే చాలు, అంటుకుంటుంది. కొన్ని రకాల బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉంటుంది, అది మంటకు తగిలితే విషవాయువు పుడుతుంది. అందువల్ల దానితో కడిగిన చోట వెల్డింగ్ అసలు వద్దు.

మూలలు అరిగిన రెండు నట్ల మీద వాటి కంటే కాస్త పెద్ద నట్ ఉంచి, లోపలి నుంచి మిగ్ వెల్డింగ్‌తో నింపించండి. కొత్త పలకలు దొరకడం ఒక లాభమైతే, వెల్డింగ్ వేడి నేరుగా పాత నట్‌కు తగలడం అంతకంటే పెద్ద లాభం. హెడ్ బయట మొండెం కాస్త మిగిలేలా స్టడ్ తెగినా ఇదే పద్ధతి పనికొస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు రెండూ తీసేయించండి.

హెడ్ అంచుకు సమంగా తెగితే మాత్రం తొందరపడకూడదు. సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, ఎడమ వైపు తిరిగే డ్రిల్‌తో సన్న రంధ్రం చేయడం మొదలుపెడితే, చాలాసార్లు డ్రిల్ పట్టుకే మొండెం బయటికి వచ్చేస్తుంది. ఈజీ అవుట్ (తెగిన మొండెం రంధ్రంలో దించి తిప్పే పనిముట్టు) పేరు చూసి మోసపోవద్దు. అది మరీ గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్ దాని మీద ఏ పనీ చేయదు. అంతకంటే 6.9 మిల్లీమీటర్ల వరకు డ్రిల్ వేసి మళ్లీ ఐదు బై పదహారు ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) దించడమే మేలు. మర పూర్తిగా పోతే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) ఉండనే ఉంది. ఈ పని బండి మీద వంగి చేసేది కాదు, హెడ్ దించి లేత్ షాపుకు పంపండి.

జవాబు: కమాన్‌కట్ట

యూ బోల్టుల విషయంలో మీ మేస్త్రిగారి మాటే సరైనది, కాకపోతే గ్యాస్ వద్దు. యూ బోల్టులు చవకగా దొరికే వస్తువులు, ఎలాగూ కొత్తవి వేయవలసినవే. వాటిని కాపాడటానికి మూడు రోజులు నూనె పోయడం వృథా. గ్రైండర్‌తో నట్‌ను ఒక పక్క మర అంచుదాకా కోసి, ఉలి పెట్టి కొడితే పగిలి విడిపోతుంది. గ్యాస్ మంట కమాన్ పట్టీలకు తగిలితే ఆ చోట పదును పోయి, తర్వాత అక్కడే వంగడమో విరగడమో జరుగుతుంది. బుష్‌ల రబ్బరు అంటుకుంటే పొగను భరించలేరు. పెట్రోల్ ట్యాంక్ కూడా వెనక వైపే ఉంది కాబట్టి గ్రైండర్ నిప్పురవ్వలు పడే ముందే దానిని ఖాళీ చేసి, దించి, దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. బండిని జాకీ మీద మాత్రమే వదిలి కిందికి దూరవద్దు, స్టాండ్లు తప్పనిసరి.

తీరం_మార్క్4

అందరికీ కృతజ్ఞతలు. అర అంగుళం ఆరు పలకల సాకెట్ తెప్పించి, నూనెతో తడిపి ప్రయత్నిస్తే, మూలలు బాగున్న నట్లన్నీ స్టడ్లు తెగకుండానే వచ్చాయి. ఒకటి మాత్రం స్టడ్‌తో సహా మర విడిపోయి వచ్చింది, దాని వల్ల ఇబ్బంది లేదనుకుంటున్నాను. అరిగిన రెండింటికీ వచ్చే వారం వెల్డింగ్ చేయిస్తాను. యూ బోల్టులు కోసేశాను. తిరిగి బిగించేటప్పుడు అంతటా స్టెయిన్‌లెస్ స్టీల్ వేస్తే ఉప్పుగాలి బాధ తీరుతుంది కదా?

జవాబు: బెజవాడ_పానా

స్టడ్‌తో సహా రావడం మంచిదే, ఆ రంధ్రంలో ట్యాప్ ఒకసారి తిప్పి శుభ్రం చేసి కొత్త స్టడ్ వేయండి. మానిఫోల్డ్‌కు ఇత్తడి నట్లు వాడండి, అవి ఉక్కు స్టడ్‌కు తుప్పుతో అతుక్కోవు. స్టెయిన్‌లెస్ మాత్రం అంతటా వద్దు. బజారులో సాధారణంగా దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బలం 700 మెగాపాస్కల్స్, 8.8 రకం మామూలు ఉక్కు బోల్టుది 800. పైగా స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే ఒక్కోసారి మరలు పట్టేసుకుని కదలవు. తలుపులు, బంపర్ల దగ్గర దానిని వేసుకోండి. కమాన్ కట్టలు, స్టీరింగ్, బ్రేకుల దగ్గర పాత బోల్టు తల మీద ఏ గుర్తు ఉందో చూసి అదే రకం తెచ్చుకోండి. అంగుళాల బోల్టుల మీద అంకెలు ఉండవు. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేసుకోకుండా రాసే) పూత పలచగా రాయవచ్చు కానీ, పొడి మరకు పుస్తకంలో ఇచ్చిన టార్క్‌ను (బిగింపు బలాన్ని) అప్పుడు యథాతథంగా వాడితే బోల్టు ఎక్కువగా సాగుతుంది, కొంత తగ్గించి బిగించండి. యూ బోల్టులను మాత్రం బండి బరువు చక్రాల మీద దించిన తర్వాత చివరి బిగింపు బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోండి.