సిరివెన్నెల పాటల్లో ఒక్కటే ఎంచుకోవాలంటే ఏది?

మద్దిలపాలెం మాధవి
అందరికీ నమస్కారం. నవంబరు 30న మన విశాఖ కవి సిరివెన్నెల సీతారామశాస్త్రిగారి వర్ధంతి. మా కాలనీ పాటల బృందం చిన్న కార్యక్రమం పెట్టుకుంటోంది. మనిషికి ఒక్క పాటే. ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏదంటారు? ఆడగొంతుకి నప్పాలి. శ్రుతి తగ్గించిన కరోకే ట్రాక్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

గాజువాక గళం
ఇందులో ఆలోచించడానికేముందమ్మా. "నిగ్గదీసి అడుగు". "గాయం" 1993లో వచ్చింది. తెర మీద ఆ పాటలో కనబడేది కూడా శాస్త్రిగారే. ఉక్కు ప్రైవేటీకరణ వద్దని కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్న రోజుల్లో మైకు నా చేతికి వచ్చినప్పుడల్లా ఇదే ఎత్తుకున్నాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి టెంటు చివర నిలబడ్డ కాంట్రాక్టు కార్మికులు కూడా గొంతు కలిపేవారు. ఇంకో పాటకి అలా జరగడం నేను చూళ్లేదు.

సీతమ్మధార శాంత
వర్ధంతి రోజున వచ్చినవాళ్ల మొహం మీద "సిగ్గులేని జనాన్ని" అని పాడమంటారా? ఆవిడ అడిగింది కాలనీ కార్యక్రమానికండీ, ధర్నాకి కాదు. "ఆకాశంలో ఆశల హరివిల్లు" పాడండి మాధవిగారూ. జానకమ్మ పాట, హాయిగా ఉంటుంది.

గాజువాక గళం
ఆ మాట తగిలితేనే పాట పనిచేసినట్టు. హాయి కావాలంటే బీచ్‌కి వెళ్లండి.

అనకాపల్లి బెల్లం
అందరూ పాటల గొడవలో పడ్డారు గానీ, "మన విశాఖ కవి" ఏటండీ? ఆయన పెరిగింది మా అనకాపల్లి. పదో తరగతి దాకా చదివింది ఇక్కడే. పెద్దోళ్లయిపోనాక అందరూ మావోడే అంటారు. మాకు వేరే జిల్లా వచ్చింది, కాస్త గుర్తెట్టుకోండి.

జగదాంబ జంక్షన్
అనకాపల్లి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్లో. శాస్త్రిగారు పోయింది 2021 నవంబరులో. ఆయన బతికున్నన్నాళ్లూ మీది విశాఖ జిల్లాయే కదా బాబాయ్. పైగా ఎంబీబీఎస్‌లో చేరి కొన్నాళ్లు చదివింది మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో. ఆ లెక్కన టెలిఫోన్ ఉద్యోగం కాకినాడలో చేశారు కాబట్టి కాకినాడవాళ్లూ వస్తారు వాటాకి.

పెందుర్తి సుశీల
నా కడుపుమంట కూడా వినండి. నా దృష్టిలో ఆయన పాటల్లో మకుటం "తెలవారదేమో స్వామి". మా పాప ఆ పాట మీద ఎంత కష్టపడిందో నాకు తెలుసు. నగరంలోనే ఒకచోట అన్నమయ్య కీర్తనల పోటీ పెడితే పేరిచ్చాం. నిర్వాహకులే పేరు రాసుకున్నారు, పాట రాసుకున్నారు, వరస నంబరు ఇచ్చారు. పాప వేదిక ఎక్కి పల్లవి అయ్యాక గంట కొట్టి "ఇది సినిమా పాట, దిగిపో" అన్నారు. పన్నెండేళ్ల పిల్ల, అందరి ముందూ. ముందే చెబితే ఇంకో కీర్తన పాడేది కదా? ఆ తరవాత చాన్నాళ్లు ఆ పాట ఇంట్లో వినబడితే టీవీ కట్టేసేది.

డాబా గార్డెన్స్ శాస్త్రీయం
అమ్మా, మీ పాపకి అన్యాయం జరిగింది. ఆ పాట అన్నమాచార్యులదే. నేను కచేరీలు చేసేవాణ్ణి, పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి, ఊరికే అనడం లేదు. మా గురువుగారి నోటుపుస్తకంలో అన్నమయ్య శృంగార కీర్తన అనే రాసి ఉంది. అలమేలుమంగని అంత చనువుగా వర్ణించే దమ్ము ఆధునికులకి లేదు. సినిమావాళ్లు తీసుకుని వాడుకున్నారు.

ముడసర్లోవ
సార్, క్షమించండి, ఇది వదలడానికి వీల్లేదు. "శ్రుతిలయలు"లో ఆ పాటకి 1987 నంది పురస్కారం ఉత్తమ గీత రచయితగా సీతారామశాస్త్రిగారికే ఇచ్చారు. 1986లో "విధాత తలపున", 1987లో ఇది, 1988లో "అందెల రవమిది". వరసగా మూడేళ్లు. అయిదు వందల ఏళ్లనాటి కీర్తనకి ఆయనకి నంది ఇస్తారా?

డాబా గార్డెన్స్ శాస్త్రీయం
అవార్డులు ఇచ్చేవాళ్లకి సాహిత్యం తెలుసునని ఎవరు చెప్పారు? మీరు గాత్రం నేర్చుకున్నారా? ఎవరి దగ్గర?

ముడసర్లోవ
గాత్రంతో పనేముంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించినవి. తిరుమల కొండమీద అరలో బయటపడ్డాయి, దేవస్థానంవాళ్లు సంపుటాలుగా అచ్చేశారు. ఏ సంపుటమో, ఏ రేకో చెప్పండి. చివరి చరణంలో వేంకటేశ ముద్ర, అంటే ఆయన సంతకంలా పెట్టే స్వామి పేరు, ఎక్కడుందో చూపించండి. రెండూ లేకుండా నోటుపుస్తకం తెచ్చి మా మీద పడేస్తే ఎలా? అన్నమయ్య శైలిని అంత లోపలికి పట్టించుకుని రాశాడంటే అది ఆయన ప్రతిభ. ఆ ప్రతిభనే మీరు లాగేసుకుంటున్నారు.

డాబా గార్డెన్స్ శాస్త్రీయం
రేకులన్నీ దొరకలేదన్న సంగతి తమకి తెలియదు కాబోలు. సరే, చరణాలు శాస్త్రిగారు పూర్తిచేసి ఉండవచ్చు. పల్లవి మాత్రం పాతదే. పెద్దలతో మాట్లాడే తీరు నేర్చుకోండి.

పెందుర్తి సుశీల
పల్లవి పాతదైతే మా పాపని పల్లవి అయ్యాకే ఎందుకు దించేశారండీ? ఎవరికి తోచింది వాళ్లు అంటారు, పిల్లలు బలవుతారు.

భీమిలి బాబ్జీ
ఓలమ్మ, ఏటి గొడవ ఇది! ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో సదువుకున్నోళ్లు ఎవరూ లేరేటి ఇక్కడ? "బోటనీ పాఠముంది" అనీసరికి ఫ్లోర్ ఫ్లోరంతా బయటికి వచ్చీసేది. అది కూడా ఆయన రాసిందే. వేదాంతం రాసినోడే కేంటీన్ బెంచీ మీద కూకున్నట్టు రాసాడు. నా ఓటు దానికే.

సీతమ్మధార శాంత
వర్ధంతికి బోటనీయా? రామ రామ.

ఉషోదయ వెంకట్
హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లు "ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి" మరచిపోరు. 2014 అక్టోబరు 12న గాలి వచ్చి వెళ్లింది. ఆ తరవాత కరెంటు లేదు, ఫోన్లు లేవు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని అపార్ట్‌మెంటు సెల్లార్లో వరస కట్టాం. పై అంతస్తు ఆయన కారు నాలుగు తలుపులూ తెరిచి పెన్‌డ్రైవ్‌లో ఈ పాట పెట్టాడు. ఏసుదాస్ గొంతు. వరసలో ఉన్న ఒక పెద్దాయన, కొడుకు దుకాణం రేకులు ఎగిరిపోయినాయన, బిందె కింద పెట్టి "మళ్లీ పెట్టు నాయనా" అన్నాడు. 1992లో "పట్టుదల"కి రాసిన పాట మా సెల్లార్లో ఆ రోజుకి రాసినట్టే ఉంది. గొప్ప పాటకి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కొత్తవలస కృష్ణ
అందరూ తప్పుగా అనుకోకండి, వేటూరిగారి ముందు ఎవరైనా తరవాతే. "రాలిపోయే పువ్వా"కి జాతీయ అవార్డు వచ్చింది. మన ఊరి శ్రీశ్రీకి "తెలుగు వీర లేవరా"కి వచ్చింది. సిరివెన్నెలకి వచ్చిందా?

ముడసర్లోవ
రాలేదు. అది ఇచ్చేవాళ్ల లోటు. పదకొండు నందులు, 2019లో పద్మశ్రీ ఉన్నాయి. ఇది సిరివెన్నెల చర్చ. వేటూరికి వేరే చర్చ తెరవండి, నేనూ వచ్చి ఆయన్ని పొగుడుతాను.

హార్బర్ నావికుడు
ఓడ మీద పనిచేసేవాణ్ణి, ఎప్పుడో గాని రాయను. "జగమంత కుటుంబం నాది" పేరు ఎవరూ ఎత్తకపోవడం చూసి మనసొప్పలేదు. మెస్సులో పది దేశాలవాళ్లతో కలిసి తింటాం, ఒకరి పుట్టినరోజు అందరం చేస్తాం. వాచ్ డ్యూటీ అయ్యాక కేబిన్ తలుపు వేసుకుంటే ఎవరికి ఎవరూ లేరు. పల్లవిలో కుటుంబం పక్కనే ఏకాకి జీవితం పెట్టాడాయన. రెండూ నిజమే. ఒకటి గెలిచి ఒకటి ఓడలేదు. "చక్రం"లో శ్రీ పాడిన తీరు కూడా అలాగే, ఏడుపు లేదు, గొప్ప లేదు. ఔటర్ హార్బర్ దాటి ఊరి దీపాలు వెనక పడ్డాక ఇది వినని ప్రయాణం నాకు లేదు.

గాజువాక గళం
నావికుడన్నా, బాగా చెప్పావు. నా పాట నాదే అనుకో, కానీ నీ మాట కాదనలేను.

ఎంవీపీ మీనాక్షి
మాధవిగారూ, వీళ్ల మాటల్లో పడి కంగారు పడకండి. "విధాత తలపున" తీసుకోండి. నేను వేదిక మీద పాడి మెప్పించిన పాట, అందుకే ధైర్యంగా చెబుతున్నా. బాలుగారు, సుశీలమ్మ పాడినదే అయినా ఒక్కరే పాడితే ఏమీ లోటు రాదు, ట్రాక్ లేకపోయినా ఒక్క తంబురా చాలు. కష్టం ఎక్కడంటే "సరస స్వర సుర ఝరీ గమనమౌ" దగ్గర. చాలామంది అక్కడ తాళం తప్పుతుందని పరిగెడతారు, "ఝ" కాస్తా "జ" అయిపోతుంది. దానికి ముందే నిండా ఊపిరి తీసుకోండి. మొదట తాళం వదిలేసి మాటలు మాత్రం పద్యం చదివినట్టు చదవండి, నాలుక తిరిగాక వరస పెట్టండి. "సామవేద సారమిది" దాకా ఊపిరి ఆగితే మిగతాది దానంతట అదే వస్తుంది. ఆదివారం పొద్దున ఖాళీ ఉంటే మా ఇంటికి రండి, కలిసి పాడి చూద్దాం. సుశీలగారూ, పాపని కూడా తీసుకురండి. ఆ "తెలవారదేమో" మధ్యలో ఎవరూ గంట కొట్టకుండా చివరిదాకా వినాలని ఉంది నాకు.